నీచు తగలని మూకుడు

మద్రాసు సైదాపేటలో మా పాత ఇల్లు చేతులు మారబోతోంది. అటక మీద సామాను దించుకోవడానికి మొన్న ఆదివారం వెళ్లాం. బిందెలు, గంగాళం, ఒక కాలు విరిగిన పీట, పట్టెమంచం కోళ్లు అన్నీ దిగాక, గోడ మూల చీకట్లో పాత పంచెతో కట్టిన మూట ఒకటి కనబడింది. ముడి విప్పీ విప్పకముందే ఇంగువ వాసన గుప్పుమంది. లోపలి రేకు డబ్బాలో ఇంగువ ముక్క కాదు గదా, అడుగున పొడి కూడా లేదు. వాసన మాత్రం రేకులోకే ఇంకిపోయినట్టుంది.

డబ్బాతో పాటు మూటలో ఒక ఇనప మూకుడు, చిల్లుల గరిటె, రాచ్చిప్ప, కళాయి పోయి ఎర్రబడ్డ ఇత్తడి గిన్నె, ఆవాలు నూరుకునే అరచేతంత రాతి కల్వం. అమ్మమ్మ దీన్ని "సార్ సామాను" అనేది. ఏడాదికి ఒక్కరోజు దిగేది. కనుమ మర్నాడు కడిగి, ఎండబెట్టి, మూకుడికి నువ్వుల నూనె పట్టించి మళ్లీ మూట కట్టేసేది.

సార్ అంటే నాన్న పనిచేసే ప్రెస్సులో అక్కౌంటెంటు. జార్జిటౌన్‌లో ప్రెస్సు. ఆయనది తిరునెల్వేలి వైపు శైవ పిళ్లైల కుటుంబం. గుడ్డు కూడా ముట్టరు. పండగ రోజుల్లో ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండకూడదు. పశ్చిమ మాంబళం నుంచి ఒక్క స్టేషను దూరం రైల్లో భార్యతో సహా ప్రతి కనుమ సాయంత్రం మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. వాళ్లకది మాట్టు పొంగల్. మాకు కనుమ. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా ఇంట్లో కనుమంటే గారెలు, నాటుకోడి కూర. ఇక్కడే చిక్కు.

అన్నట్టు మద్రాసులో శాకాహారం పేరే "శైవం". హోటలు బోర్డు మీద అదే రాస్తారు, వడ్డించేవాడు అదే అడుగుతాడు. తరతరాలుగా నామం పెట్టుకునే వైష్ణవుడైనా ఇక్కడ భోజనం దగ్గర శైవుడే. ఊరికి కొత్తగా వచ్చినప్పుడు అమ్మమ్మకి ఇది ఎంతకీ మింగుడుపడలేదట.

కోడి ఒక రోజు వెనక్కి

మొదటి ఏడాది అందరూ చేసే పనే చేశారట. ఇంట్లో ఎప్పుడూ వండే పండగ వంటలోంచి కోడికూర ఒక్కటి తీసేసి, మిగిలింది సార్‌కి వడ్డించారు. తీసేశాక ఏం మిగిలింది? గారెల్లోకి నంజుకోవడానికి ఏమీ లేదు. పప్పు, బంగాళాదుంప వేపుడు, పెరుగు. కోడి కోసం వేసిన విస్తరి, కోడి లేకుండా. పైగా పోపులో పోసిన నూనె భోగి నాడు వంజరం ముక్కలు వేయించగా మిగిలింది. తేటగానే ఉంది, వడకట్టి సీసాలో పోసిందే. చల్లగా ఉన్నప్పుడు వాసన తెలియలేదు. కాగి పొగ లేచేసరికి వంటిల్లంతా నీచు. ఆ కూర పారబోసి, అప్పటికప్పుడు ఇంకోటి చేశారు.

దాంతో అమ్మమ్మ రెండు పనులు చేసింది. కోడిని కనుమ నుంచి ముక్కనుమకి మార్చింది. పిల్లల ముఖాలు వేలాడితే, "పేరులోనే ఉంది కదర్రా, ముక్కనుమ నాడే ముక్క" అంది. రెండోది, ఈ మూట. చేపలు వేగిన ఇనప మూకుడు ఎంత తోమినా అంతే. ఏళ్ల తరబడి కాగిన నూనె ఇనుము మీద నల్లటి పొరలా గట్టిపడి ఉంటుంది, వాసన ఆ పొరలో కూర్చుంటుంది. సబ్బుకి అది రాదు. పొర రాకపోవడమే నిజానికి మంచి మూకుడి లక్షణం, అది ఉంటేనే గారె అంటుకోదు. కాబట్టి కడిగి వాడుకుందామనే మాటే లేదు, వేరే మూకుడు ఉండాల్సిందే. ఎవర్‌సిల్వర్, అంటే స్టీలు గిన్నెలకి ఈ బాధ లేదు, చింతపండుతో తోమితే శుభ్రం. చెక్క గరిటెలకి, పీటకీ, రోటికీ ఉంది.

రుబ్బురోలు రెండోది కొనడం కుదరదు కాబట్టి దానికి వరస పెట్టుకున్నారు. ముందు రోజే గుప్పెడు నూకలు, రాళ్లుప్పు వేసి రుబ్బి పారేసేవాళ్లు. రాతి గరుకులో ఇరుక్కున్న వెల్లుల్లి అలా వచ్చేస్తుంది. పొద్దున మొదట గారెల పిండి, తర్వాత కొబ్బరి, ఆఖర్న అల్లం. మాంసం మసాలా ఆ రోజు రోటి దగ్గరికే రాకూడదు.

ముక్కనుమ కోసం తెచ్చిన కోడి మాత్రం పెరట్లో గంప కింద ఉండేది. సార్ విస్తరి ముందు కూర్చోగానే అది అరవడం మొదలుపెట్టేది. ఆయన వినబడనట్టే పప్పులో నెయ్యి కలుపుకునేవారు. నాన్న రేడియో పెంచేవారు.

బీచ్ స్టేషను నుంచి పనసకాయ

కోడి లేని విస్తరికి నడుమ నిలబడే వంటకం ఏదో ఒకటి ఉండాలి. అమ్మమ్మ ఎంచుకున్నది పనసపొట్టు. జనవరికి లేత కాయలు అప్పుడప్పుడే దిగుతుంటాయి. ప్రెస్సుకి దగ్గర్లోనే కొత్వాల్ చావడి. ఆ టోకు మార్కెట్టు 1996లో కోయంబేడుకి వెళ్లిపోయిందిగానీ అంతకుముందు ఊరికంతటికీ కూరగాయలు అక్కణ్ణుంచే. నాన్న భోగి నాడే కాయ కొని, గోనెసంచిలో చుట్టి, బీచ్ స్టేషన్లో రైలెక్కి, సైదాపేట దాకా ఒళ్లో పెట్టుకుని వచ్చేవారు.

కాయ రెండు కిలోలకి అటూ ఇటూ ఉండాలి. ముళ్లు దగ్గర దగ్గరగా, ఆకుపచ్చగా ఉండాలి. ముళ్లు ఎడంగా విచ్చుకుంటే లోపల గింజ ముదిరినట్టే. కోశాక గింజ గోటికి తెగితే పొట్టుకి పనికొస్తుంది. గింజ చుట్టూ గట్టి పెంకు కట్టిందంటే అది పొట్టుకి కాదు, ముక్కల కూరకి. ఎంత మంచి కాయైనా తొక్కా, నడిమి బొడ్డూ పోగా సగమే మిగులుతుంది.

కొట్టడం అనేది ఒక పూట పని. కింద కాగితాలు పరిచి, కత్తికీ చేతులకీ నూనె రాసుకుని కూర్చోవాలి. నూనె మరిచిపోతే జిగురు గోళ్ల సందుల్లో చేరి మూడు రోజులు వదలదు, నీళ్లతో అసలే వదలదు, మళ్లీ నూనెతోనే వదిలించుకోవాలి. ముళ్ల తొక్క మందంగా చెక్కేసి, ముక్కలు చేసి, పీట మీద పెట్టి కత్తితో టకటక సన్నగా కొట్టాలి. ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేది. కొట్టిన పొట్టు వెంటనే పలచటి మజ్జిగలో వెయ్యాలి, లేకపోతే నల్లబడుతుంది. ఇప్పుడు మిక్సీలో తిప్పేస్తున్నారు. తిప్పితే పీచు నలిగి ముద్దవుతుంది తప్ప పొట్టు రాదు.

కిలో పొట్టుకి మునిగేటన్ని నీళ్లు, అర చెంచా పసుపు, ఉప్పు వేసి మూత లేకుండా ఉడికించాలి. పావుగంట లోపే, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా తగిలి పీచు విడిగా ఉండగానే దించెయ్యాలి. కుక్కర్లో పెడితే ఒక్క కూతకే గుజ్జు. బట్టలో వేసి గట్టిగా పిండాలి. ఈ పిండడంలోనే కూరంతా ఉంది. తడి మిగిలితే పోపులో వేగదు, ఉడుకుతుంది.

నువ్వుల నూనె ఆరు చెంచాలు. తమిళంలో దీని పేరు నల్లెణ్ణై, అంటే మంచి నూనె. మా అమ్మమ్మ కూడా నువ్వుల నూనెని మంచినూనె అనే అనేది, కాబట్టి కొట్లో అనువాదం అక్కర్లేకపోయింది. రెండేసి చెంచాల శనగపప్పు, మినప్పప్పు ఎర్రబడ్డాక ఆవాలు, ఆరు ఎండుమిరపకాయలు, నాలుగు పచ్చిమిరపకాయల చీలికలు, కరివేపాకు, చివర్న ఇంగువ. వెల్లుల్లి లేని వంటలో ఇంగువ మొహమాటపడకూడదు. ముద్ద ఇంగువైతే బఠాణీ గింజంత, నూనెలో పొంగి తేలేదాకా. అందులో నిమ్మకాయంత చింతపండు రెండింటి చిక్కటి గుజ్జు పోసి నూనె పైకి తేలేవరకూ ఉడికించి, పిండిన పొట్టు వేసి పది నిమిషాలు వేయించి దించాలి.

ఆవ పెట్టేది దించి, చల్లారాకే. ఆవగింజ ఎండుగా ఉన్నంతసేపు దానికి ఘాటుండదు. నలిగి నీళ్లు తగిలాక గింజలో ఉన్న ఎంజైము పనిచేసి ఘాటు పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, అప్పటికే పుట్టిన ఘాటు ఆవిరై పోతుంది, చేదు మిగులుతుంది. అందుకే రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు చన్నీళ్లతో ఆ చిన్న కల్వంలో నూరి, పది నిమిషాలు పక్కన పెట్టి, కూర చేతికి ఓర్చుకునేటంత వేడికి వచ్చాక కలిపేవాళ్లు. పైన రెండు చెంచాల పచ్చి నూనె. చేసిన గంటకి బావుంటుంది, నాలుగు గంటలకి ఇంకా బావుంటుంది.

మొదటిసారి ఈ కూర విస్తట్లో పడినప్పుడు సార్ చెయ్యి ఆగిపోయింది. చూపుకి అచ్చం కైమా. పీచుపీచుగా, ఎర్రగా, నూనె మెరుస్తూ. ఆయన అడగలేదు, తినలేదు. భార్య వైపు చూశారు. అమ్మమ్మకి తమిళం రాదు. లోపలికెళ్లి, కొట్టగా మిగిలిన ముళ్ల తొక్కల గంపని తెచ్చి నట్టింట్లో పెట్టింది. "పలాక్కాయ్!" అన్నారాయన. తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ అమ్మమ్మ ఒక తొక్క ముక్కని విస్తళ్ల పక్కన పెట్టేది. అది ఒక ఆచారంలా అయిపోయింది.

గారెలు

"కనుమ నాడు మినుము తినాలి" అన్నారు కాబట్టి ఇవి తప్పవు. ఎనిమిది విస్తళ్లకి అరకిలో పొట్టు తీసిన పప్పు చాలు, నలభై దాకా వస్తాయి. మూడు గంటలు నానితే సరి. రాత్రంతా నానబెడితే పిండి నీరుకారి నూనె తాగుతుంది. నీళ్లు పొయ్యకుండా తడిచేత్తో చిలకరిస్తూ రుబ్బాలి. నీళ్ల గిన్నెలో చిన్న ఉండ వేస్తే తేలాలి. మునిగితే ఇంకాసేపు రుబ్బాలి, లేదా చేత్తో గుండ్రంగా గిలక్కొట్టాలి. ఉప్పు వేయించబోయే ముందే, ఎందుకంటే ఉప్పు పడగానే పిండి జారవుతుంది. అప్పటికే జారైతే చారెడు బియ్యప్పిండి ఆదుకుంటుందిగానీ కరకర పెరిగి మెత్తదనం తగ్గుతుంది. మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వెయ్యాలి తప్ప గింజలుగా వేస్తే నూనెలో పేలతాయి.

అందులో ఇరవై పెరుగులోకి వెళ్లేవి. వేగిన గారెని గోరువెచ్చటి నీళ్లలో నిమిషం ముంచి, రెండు అరచేతుల మధ్య నొక్కి, అప్పుడు పెరుగులో వెయ్యాలి. నేరుగా వేస్తే మధ్యలో గట్టిగా ఉండిపోతుంది. గారె పెరుగుని పీల్చుకుంటుంది కాబట్టి లీటరు పెరుగుకి పావులీటరు కాచి చల్లార్చిన పాలు కలపాలి. పాలు కలిపితే పులుపెక్కడం కూడా నెమ్మదిస్తుంది. మిగతా గారెల్లోకి కోడి పులుసు లేదు గనక అల్లప్పచ్చడి.

పులిహోర గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. ఒక్క మాట: సంక్రాంతికి ఊరి నుంచి కొత్తబియ్యం వస్తాయి. అవి పరమాన్నానికి. పులిహోరకి పాతబియ్యమే, కొత్తవి జిగురుగా అంటుకుపోతాయి. అరకిలో బియ్యానికి 80 గ్రాముల చింతపండు. అన్నం పళ్లెంలో ఆరబోసి, వేడి మీద నూనె, పసుపు, కరివేపాకు కలిపి, చల్లారాకే పులుసు. మనది ఆవ పెట్టిన పులిహోర. వాళ్ల పుళియోదరైలో ధనియాలు, మెంతులు వేయించిన పొడి పడుతుంది. సార్ ప్రతిసారీ తిని, బాగుందనేవారు, తర్వాత ఆ పొడి గురించి చెప్పేవారు.

చింతపండుతో ఇంత పని ఉంది కాబట్టే ఇత్తడి గిన్నెకి పండగ ముందు కళాయి. "కళాయ్, కళాయ్" అని అరుచుకుంటూ ధనుర్మాసంలో తిత్తి భుజాన వేసుకుని ఒకాయన వచ్చేవాడు. వీధిలోనే చిన్న గుంట తవ్వి బొగ్గులు రాజేసి, గిన్నె కాల్చి, నవాసారం చల్లగానే తెల్లటి పొగ. దాని వెంట తగరం కడ్డీ అలా తాకించి దూదితో తుడిచేస్తే లోపలంతా వెండిలా మెరిసేది. కళాయి పోయిన గిన్నెలో పులుసు పెడితే చిలుమెక్కుతుంది, తింటే వాంతులే. పులుసు మిగిలిపోయేలా ఉంటే రాచ్చిప్పలోకి మార్చేవాళ్లు. రాయి పులుపుకి లొంగదు. రాచ్చిప్పతో వచ్చే చిక్కల్లా దించాక కూడా లోపలిది చాలాసేపు ఉడుకుతూనే ఉంటుంది. కూర ముక్కలు కాస్త బిరుసుగా ఉండగానే దించాలి.

ఆవిడ సొది

సార్ వాళ్లావిడ ఒక ఏడాది, వచ్చేసారి తను సొది చేస్తానంది. తెలుగింట్లో ఆ మాట! అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. తిరునెల్వేలి శైవుల పెళ్లిళ్లలో ప్రధానమైన వంటకం అది, కొబ్బరిపాల పులుసు లాంటిది. పులుసంటాంగానీ చింతపండు పడదు. పెద్ద కొబ్బరికాయ తురిమి మూడుసార్లు పాలు తియ్యాలి. మూడోసారి పలచటి పాలల్లో క్యారెట్, బీన్స్, మునక్కాడ ముక్కలు ఉడకాలి. మెత్తగా ఉడికిన పెసరపప్పు, అల్లం పచ్చిమిర్చి ముద్ద, రెండో పాలు పడ్డాక ఒక పొంగు. మొదటి చిక్కటి పాలు పోశాక మరగనివ్వకూడదు, అంచులో నురగ కనబడగానే దించాలి. మరిగితే విరిగి, నూనె ఒకవైపు నీళ్లు ఒకవైపు అవుతాయి. నిమ్మరసం దించాకే. కొబ్బరి బరువు కాబట్టి పక్కన అల్లం తొగయల్ ఉండి తీరాలట. మా అల్లప్పచ్చడి ఎలాగూ ఉంది. ఆ ఏడాది నుంచి కనుమకి మా ఇంట్లో పప్పు మానేసి సొది. ఇప్పటికీ అంతే.

విస్తరి వెయ్యడంలో మాత్రం తేడా రాలేదు. అరిటాకు కొస తినేవాళ్ల ఎడమవైపు, వాళ్లకీ మనకీ అదే.

ఈ కనుమకి

రిటైరయ్యాక సార్ వాళ్లు తిరునెల్వేలి వెళ్లిపోయారు. మూట అటకెక్కింది.

ఇప్పుడు కొనేవన్నీ పాకెట్లు. 2001-02 ప్రాంతంలో పాకెట్ల మీద పచ్చ చుక్క, గోధుమరంగు చుక్క తప్పనిసరి అయ్యాక కేకులో గుడ్డుందా, జెల్లీలో ఎముకల జిగురుందా అని వెతుక్కునే పని తగ్గింది. అయితే ఆ పచ్చ చుక్క ఉల్లి, వెల్లుల్లి గురించి ఏమీ చెప్పదు. ఇంట్లో నూనె గురించి అసలే చెప్పదు.

ఈసారి కనుమకి మా అబ్బాయి ఆఫీసు స్నేహితురాలు వస్తోంది. షావుకారుపేట జైనుల అమ్మాయి. ఇంట్లో అందరూ, ఇంకేముంది, మనకి శాకాహారం కొత్తా అన్నారు. ఫోన్లో మాట్లాడితే తెలిసింది కొత్తే అని. నేల కింద పెరిగేవి కుదరవు. బంగాళాదుంప, కంద, చేమ, క్యారెట్ పోయాయి. పచ్చి అల్లం కూడా పోయింది. శొంఠి తింటారు, పసుపూ తింటారు, అవి ఎండినవి కాబట్టి. అంటే గారెల్లో అల్లం బదులు మిరియాలూ జీలకర్రా, సొదిలో అల్లం బదులు శొంఠి, క్యారెట్ బదులు ఇంకో నాలుగు బీన్స్. వంకాయ వద్దు, గింజలెక్కువట. పెరుగు గారెలు కూడా తీసేశాను. కాచని పెరుగులో పప్పుదినుసు కలిస్తే గట్టిగా పాటించేవాళ్లు తినరు. పాత నూనె, పాత పిండి మాటే లేదు, అంతా ఆ పూటదే కావాలి.

పైగా పొద్దుగుంకే లోపల భోజనం అయిపోవాలి. జనవరిలో మద్రాసులో ఆరింటికే పొద్దు పోతుంది. నాలుగున్నరకి విస్తరి వెయ్యాలంటే, గారెలు మూడున్నరకి నూనెలో పడాలి, పప్పు పదకొండింటికి నానాలి. పొట్టు ఉదయమే కొట్టాలి. మూకుడు కాల్చి, ఉప్పేసి రుద్ది, కొత్త నూనె పట్టించి ఉంచాను. అడుగు గుండ్రంగా ఉండటంతో కొత్త స్టవ్ మీద ఒరుగుతోంది. కింద ఇనప రింగు ఒకటి పెట్టాలి, జార్జిటౌన్‌లో పారీస్ కార్నర్ దగ్గర దొరుకుతుంది.

ఇంగువ డబ్బాలో కొత్త ముద్ద వేశాను. పనసకాయకి కోయంబేడులో చెప్పి ఉంచాను. తీరా ఇంతా చేసి, పనస తింటుందో లేదో ఆ అమ్మాయిని అడగనే లేదు. సాయంత్రం ఫోన్ చెయ్యాలి.